పటేల్ మాటిచ్చిన వాగొడ్డు

జగిత్యాల దారిలో ఎవరో పసుపు ఉడికిస్తున్నారు. బస్సు కిటికీలోంచి ఆ ఘాటు, పొగ, తడిమట్టి కలిసి ముక్కుకు తగలగానే, పక్కన అమ్మ, ఆమె చెల్లెలు రాజవ్వ చిన్నమ్మ కూర్చున్న సంగతే మరిచి, మేడిపల్లి దగ్గరి మా ఊళ్లో, పటేల్ కల్లంలో పసుపు కొమ్ములేరే పిల్లనైపోయాను.

మాకప్పుడు సర్కారంటే పటేల్ ఇంటి అరుగే. పటేల్‌గిరీ ఎప్పుడో రద్దయిందట, ఆ ముచ్చట మా వాడ దాకా రాలేదు. సీటు మా ఆడవాళ్లకు రిజర్వై చిన్నమ్మ సర్పంచ్‌గా గెలిచిననాడు వాడంతా ఉడికించిన శనగ గుడాలు పంచారు. తెల్లారి ఆమె ఎప్పటిలాగే పటేల్ పొలంలో కలుపుకు పోయింది. ఎండాకాలం చింతల నీడన మేం సర్కారాట ఆడేవాళ్లం. పటేల్ బండ మీద కాలు మీద కాలేసుకుని కూర్చోవాలి, సర్పంచ్ కింద నిలబడి తలూపాలి. ఆ సర్పంచ్ వేషం ఎప్పుడూ ఏడుపుగొట్టు పిల్ల నెత్తిన పడేది.

ఆ వానాకాలమే బాపు జ్వరంతో పోయాడు. ఏసు ప్రార్థనకు పోయే మా ఇళ్లకు, పోయినవాళ్లను పూడ్చుకునే బొందలగడ్డ లేదు. వాడ పెద్దమనుషులు తడుస్తూ వెళ్లి, అలవాటుకొద్దీ అరుగు ముందే నిలబడ్డారు.

"వాగొడ్డుకు పెట్టుకోపోండ్రి. ఎవడేమంటడు, నేను లేనా?" అన్నాడు పటేల్.

అమ్మ ఏడుస్తూనే దండం పెట్టింది. అప్పట్నుంచి వాడలో పోయినవాళ్లందరూ అక్కడే. ఈస్టర్ తెల్లవారుజామున కొవ్వొత్తులు, బెల్లం పాశం గిన్నెలు పట్టుకుని మేమంతా వాగొడ్డుకు నడిచేవాళ్లం.

ఇప్పుడు పటేల్ లేడు, అరుగు కూలింది. జగిత్యాలే జిల్లా అయి, సర్కారు మా గుమ్మం దగ్గరికొచ్చింది. వాగొడ్డు మాత్రం ఖాళీ సర్కారు జాగా అని, ఏదో గోదాము కడతామని మొన్న ట్రాక్టర్లొచ్చి సగం చదును చేసి, సిలువలు ఓ పక్కకు కుప్పేశాయి. అమ్మకు మిగిలిన కోరిక ఒక్కటే, బాపు పక్కన పడుకోవాలని. అందుకే సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే ప్రజావాణికి వచ్చాం.

అర్జీ తీసుకున్న సారు మర్యాదగానే విన్నాడు. "ఎవలిచ్చిండ్రమ్మా ఆ జాగ?"

"పటేలిచ్చిండు సారూ," అంది అమ్మ.

"పటేల్‌కేం హక్కుంటదమ్మా? గప్పుడే పంచాయతీల తీర్మానం చేసి పంపితే బొందలగడ్డ కింద రాసేటోళ్లు. ఇప్పుడు నా చేతుల లేదు. అప్పుడు సర్పంచ్ ఎవలు?"

అమ్మ మెల్లగా పక్కకు తిరిగింది. చిన్నమ్మ నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసింది.

"నేనే సారూ," అంది. "నన్నెవ్వలడుగలే."