గూడు అదే, చెవి వేరు

ఆ పొద్దున షెడ్డులో ఉన్నవి: పట్టుపురుగులు గూళ్ళు కట్టుకునే వెదురు తట్టలు, అంటే చంద్రికలు, గూళ్ళతో నిండి, ఒక గోనెపట్టా, రెండు ప్లాస్టిక్ బుట్టలు. ఉన్నవాళ్ళు: అమ్మ, నాన్న, బాగేపల్లిలో ఉద్యోగానికి సెలవు పెట్టి చింతామణి దగ్గరి మా పల్లెకు వచ్చిన నేను.

గూళ్ళు విడిపించే ముందు అమ్మ ఒకటి తీసి చెవి దగ్గర ఊపుతుంది. లోపలి పురుగు గట్టిపడి ఉంటే గలగలమంటుంది. చప్పుడు లేకపోతే చచ్చి కరిగిపోయినట్టు. ఆ రోజు ఒకటి ఊపింది. ఇంకొకటి. వేరే చంద్రిక నుంచి మరొకటి. గోనెపట్టా మీద కూలబడింది.

“అంతా పోయినాయి. ఒక్కటీ సద్దు చేయల్యా.”

నాన్న ఒకటి ఊపి చూశాడు. “సద్దు బాగానే వస్తాండాది గదే. నీ చెవి పోయిందేమో.”

“నా చెవికేం? పెండ్లయినప్పట్నుంచి నా మాట యినపడని చెవులు నీవి.”

నేను చదివింది ఎలక్ట్రానిక్స్. లోపం ఎక్కడుందో తెలియనప్పుడు ఒకసారికి ఒకటే మార్చి చూడాలి. గూడు అదే ఉంచి చెవి మార్చమన్నాను. ఎడమ చెవి దగ్గర ఊపితే గలగలమంది. మళ్ళీ కుడి, చప్పుడు లేదు. మళ్ళీ ఎడమ. అమ్మ మొహం పాలిపోయింది.

“లేసినప్పట్నుంచి ఈ పక్క దిమ్మగా ఉండాది. జలుబనుకొంటి. గూళ్ళు అమ్మినాక సూపిచ్చుకొంటాలే.”

“గూళ్ళు నేను ఇడిపిస్తా. నువ్వు బస్సెక్కు,” అన్నాడు నాన్న.

చింతామణి డాక్టరు గులిమి లేదని చూసి, అదే రోజు చిక్కబళ్ళాపురం పంపాడు. అక్కడ పరీక్షలో కుడి చెవికి ఎనభై డెసిబెళ్ళు పెడితే గాని వినబడలేదు. మామూలు మాట అరవై దగ్గర ఉంటుంది. లోపం నరానిదని, వెంటనే రావడం మంచిదైందని, అయినా వినికిడి తిరిగి వస్తుందని మాట ఇవ్వలేనని డాక్టరమ్మ చెప్పింది. షుగర్ చూసి స్టెరాయిడ్ మాత్రలు రాసింది. అవి చాలలేదు. కర్ణభేరి గుండా ఇంజెక్షన్లు మొదలుపెట్టింది. సూది దిగిన ప్రతిసారీ అమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. కుడివైపు నుంచి పిలిచి చూడడం నేను మానేశాను. పలకకపోతే ఇద్దరికీ కష్టంగా ఉండేది.

చివరి ఇంజెక్షన్ తర్వాత కొన్నాళ్ళకు, బస్సులో, అమ్మ ఎడమ చెవికి ఫోను ఆనించుకుని నాన్నతో మాట్లాడుతోంది. కుడివైపున కండక్టరు ఈల ఊదాడు. అమ్మ గిరుక్కున తిరిగింది.

“ఏమప్పా, చెవులు పగలాల్నా?”

“అంత గట్టిగా ఊదల్యామ్మా.”

అమ్మ కుడి చెవి తడుముకుంది. తర్వాత నవ్వింది. “ఊదినావప్పా. శానా బాగా ఊదినావు.”

తర్వాతి పరీక్షలో కుడి చెవికి ముప్పై డెసిబెళ్ళకే వినబడింది.