ఒక్క నొక్కుతో అందం

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులో ప్రసన్నకుమార్‌కు ఒక ఫోటో స్టూడియో ఉంది. గుంటూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళయింది. ఇన్నేళ్ళలో ఆయన సాధించిన విద్య ఒకటే, ఏదీ నేర్చుకోకుండా కాలం గడపడం. లైటు ఎటువైపు పెట్టాలో ఆయనకు తెలియదు. ముఖం తెల్లగా రావాలని మాత్రం తెలుసు. కోచింగ్ సెంటర్ల పిల్లలు దరఖాస్తుల ఫోటోల కోసం వరసకట్టే వీధి కాబట్టి అంతకుమించి తెలియాల్సిన అవసరమూ రాలేదు.

పాత కంప్యూటరు చెడిపోయి కొత్తది కొన్నాక చిక్కొచ్చిపడింది. ఎప్పుడో ఎవరో ఎక్కించిపెట్టిన దొంగ సాఫ్ట్‌వేర్ దాని మీద పనిచేయనంది. ఫోటోలు దిద్దడానికి ఇంకోటి ఎంచుకోవాలి. పెళ్ళిసంబంధం చూస్తున్నంత ఆర్భాటంగా ఆయన ఈ పనికి దిగాడు. మధ్యాహ్నాలు కుర్చీలో వాలి వీడియోలు చూశాడు. సగంలో నిద్రపోయాడు. చివరికి ఎల్బీనగర్‌లో కంప్యూటర్లు బాగుచేసే బావమరిది వంశీకృష్ణను పిలిపించాడు.

“ఇది ఉచితం బావా. కాస్త కూర్చుని నేర్చుకుంటే మీ పనంతా ఇందులోనే అయిపోద్ది.”

“కూర్చుని నేర్చుకునేవాణ్ణయితే స్టూడియో ఎందుకు పెడతానురా? కలెక్టరయ్యేవాణ్ణి.”

“పోనీ ఇది చూడండి. చాలా తేలిక. నెలనెలా కట్టాలి గానీ...”

“నెలనెలా కట్టడానికి ఇదేమన్నా ఇంటద్దెనా?”

“మరి మీకెలాంటిది కావాలి?”

“చవగ్గా ఉండాలి. ఆలోచించే పనుండకూడదు. నొక్కితే అయిపోవాలి.”

“దాన్ని మిక్సీ అంటారు బావా,” అని వంశీకృష్ణ బండెక్కి వెళ్ళిపోయాడు.

ప్రసన్నకుమార్ తనకు తగినదాన్ని తనే వెతుక్కున్నాడు. దాని ప్రకటనలో ఎడమవైపు దిద్దకముందు ఒక మనిషి ఉంది, కుడివైపు దిద్దాక ఒక బొమ్మ ఉంది. ఆయన బొమ్మను చూసి కొన్నాడు. అందులో ఫోటో తెరిస్తే చాలు, ముఖం కనిపించగానే అదే పని మొదలుపెట్టేస్తుంది. ఒళ్ళు తెల్లబడుతుంది, ముక్కు సన్నబడుతుంది, కళ్ళు విప్పారతాయి, మచ్చలు మాయమవుతాయి, పాత చొక్కా కోటవుతుంది. దాన్ని ఆపడం ఎలాగో ఆయన చూడలేదు. ఆపాల్సిన రోజు వస్తుందని ఊహించేంత శ్రద్ధ కూడా ఆయనకు లేదు.

ఆ తరువాత మా కాలనీ ఫ్లెక్సీల మీద టికెట్ ఆశించే నాయకుడు, పుట్టినరోజు పాప, షష్టిపూర్తి దంపతులు ఒకే తల్లి కడుపున పుట్టినట్టు కనబడసాగారు. జనం కూడా తక్కువవాళ్ళు కాదు. తమ ముఖం పోయినందుకు సంతోషించి, డబ్బులిచ్చి, చుట్టాలకు ఆ స్టూడియో పేరు చెప్పారు.

అలాంటి రోజుల్లో అరుణమ్మ వచ్చింది, కొడుకు మధును వెంటబెట్టుకుని. సైదాబాద్‌లో కిరాయికుంటారు. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చిన కుటుంబం. ఆమె భర్త సీతారాములు గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్ళూ అందులో హమాలీ. ఆయన పోయి పది రోజులయింది. హమాలీ కార్డు కోసం తీయించుకున్న చిన్న ఫోటో తప్ప ఆయన బొమ్మ ఇంకెక్కడా లేదు.

“సారు, గీ ఫోటో జర పెద్దగ చేసియ్యుండ్రి. రేపు పొద్దుగాల దినం ఉన్నది. ఇంకేం చెయ్యొద్దు, పెద్దగ చేస్తే సాలు.”

ప్రసన్నకుమార్ ఫ్రేము అంటగట్టి, సాయంత్రం రమ్మన్నాడు. సాయంత్రం ఆమె చేతిలో పెట్టిన బొమ్మలో కోటు తొడుక్కున్న ఒక తెల్లటి యువకుడు నవ్వుతున్నాడు.

“గీయన ఎవలు సారు?”

“ఎవరేంటమ్మా? మీ ఆయనే.”

“మా ఆయన కనుబొమ్మ రెండు తునకలుంటది. మామిడికాయల డబ్బ పడి తెగింది.”

“అది తీసేశాను. స్వర్గానికెళ్ళిన మనిషికి మచ్చలెందుకమ్మా?”

“తీసెయ్యమని నేన్ జెప్పిన్నా? గా దెబ్బకు దవాఖానల కుట్లేపిచ్చింది నేను. కట్టు మార్చింది నేను. నువ్వెట్ల తీస్తవ్?”

మధు బొమ్మను వెలుగులోకి తిప్పి చూశాడు. “నాయిన మంచిగున్నడు గదనే. హీరో లెక్క ఉన్నడు.”

“నీకు హీరో గావాల్నంటె టాకీసుకు పోరా. నాకు మీ నాయిన గావాలె.”

ప్రసన్నకుమార్ మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. కనబడిన మీటలన్నీ నొక్కాడు. సీతారాములు కళ్ళు ఇంకా పెద్దవయ్యాయి, పెదవులు ఎర్రబడ్డాయి, ఎన్నడూ లేని బుగ్గసొట్ట పడింది. వంశీకృష్ణకు ఫోను చేస్తే పరిష్కారం దొరికేదే. కానీ బావమరిది ముందు తలవంచడం కంటే పోయినవాడి ముఖం మారడమే నయమనుకున్నాడు.

“ఇదే తీసుకెళ్ళమ్మా. నాలుగు రోజులు చూస్తే అలవాటైపోద్ది.”

“ఇన్నేండ్ల సంది అలవాటైన మొఖం ఉండంగ, ఇప్పుడు కొత్తది అలవాటు చేస్కోవాల్నా సారు?”

ఆమె ఆ బొమ్మను బల్ల మీదే వదిలి, చిన్న ఫోటోను కొంగున ముడేసుకుంది. ఖాళీ ఫ్రేమును కొడుకు చంకలో పెట్టింది.

మరునాడు సైదాబాద్‌లో ఆ గదిలోకి వచ్చినవాళ్ళకు గోడవారన పెద్ద ఫ్రేము కనిపించింది. అందులో తెల్ల అట్ట, అట్ట నడుమ అన్నం మెతుకులతో అంటించిన బొటనవేలంత సీతారాములు. దూరం నుంచి దండం పెట్టి పోదామనుకున్నవాళ్ళు కూడా మోకాళ్ళ మీద కూర్చుని, మెడ ముందుకు చాచి చూడాల్సి వచ్చింది. తెగిన కనుబొమ్మ కనబడగానే మార్కెట్ హమాలీలు ఒకరి తరువాత ఒకరు అరుణమ్మ వైపు తలాడించారు. మధు కాసేపు సిగ్గుపడి, తరువాత తనే అందరినీ దగ్గరికి పిలిచి చూపించాడు.

ప్రసన్నకుమార్ సిగ్గుపడలేదు. మిగిలిపోయిన బొమ్మ పారేయడానికి మనసొప్పక, తన పనితనానికి నమూనాగా షోకేసులో పెట్టుకున్నాడు. ఒకరోజు అరుణమ్మ ఆ సందులోంచి బస్టాండుకు పోతుంటే, మేలుచేసినవాడిలా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

“చూశావా అమ్మా, మీ ఆయన్ని అందరికీ కనబడేట్టు పెట్టాను.”

అరుణమ్మ షోకేసు వైపు చూసింది.

“మా ఆయన ఇంట్ల ఉన్నడు సారు. గీయన ఎవలింటి మనిషో, పాపం, వాళ్ళకు కబురు పంపుండ్రి.”