గంటలోపు అందాల్సిన డబ్బా

పెళ్ళయి పదమూడేళ్ళు, పిల్లలు లేరు. మరి పరీక్షలన్నీ ఎవరికి చేశారయ్యా అంటే, ఆమెకే. సూదులు ఆమెకే, స్కానింగులు ఆమెకే. దర్జీ దుకాణంలో కాజాలు కుట్టే మనిషి. ఆసుపత్రికెళ్ళిన ప్రతిసారీ యజమాని మొహం మాడ్చుకుంటే తల వంచుకుని మిషను ముందు కూర్చునేది. ఏ పరీక్షలోనూ ఏ లోపమూ తేలలేదు. అయినా అత్తగారి నోట గొడ్రాలనే మాట ఆగిందా? ఆగలేదు.

ఆయనగారు చేపల మార్కెట్లో పెట్టెలు సర్దుతాడు. ఎంత గొడవలోనైనా చల్లగా ఉంటాడని మార్కెట్టంతా ‘ఐసుమామ’ అంటుంది. వీర్య పరీక్ష మాటెత్తితే మాత్రం ఆ చల్లదనం ఎటు పోయేదో, ఒంటికాలి మీద లేచేవాడు. “నాకేం రోగం? దుక్కలా ఉన్నాను” అనేవాడు. ఆరేళ్ళు ఆమె నెత్తీ నోరూ కొట్టుకుంది.

పిల్లలు పుట్టడానికి ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రి ఆ చుట్టుపక్కల ఒక్కటే. ప్రైవేటు మాటంటారా, వాళ్ళకది ఆకాశానికి నిచ్చెన వెయ్యడమే. ఈ ఉచిత ఆసుపత్రిలో నలభై నిండిన ఆడవాళ్ళను చేర్చుకోరు, భర్త పరీక్ష కాగితం లేనిదే వైద్యానికి ఫైలు తెరవరు. ఆమెకు నలభై నిండటానికి రెండు నెలలుంది. ఆ సంగతి చెప్పేసి మూడు రోజులు అతనితో మాట్లాడలేదు. నాలుగో రోజు గోడవైపు చూస్తూ, “సరే, ఇస్తాలే” అన్నాడు.

ఇద్దామంటే చోటుండాలిగా. ఆసుపత్రిలో అందుకో గది లేదు. మరుగుదొడ్డి చూపించారు, దానికి గడియ లేదు, ముందు పదిమంది వరస. సిగ్గుతో చితికిపోయి బయటికొచ్చేశాడు. “ఇంటి దగ్గరే పట్టి, పాడవకుండా గంటలోపు తెచ్చివ్వండి” అని కౌంటరులో ఒక డబ్బా చేతిలో పెట్టారు. ఇంకో ముక్క చెబితే వాళ్ళ నోటి ముత్యాలు రాలిపోతాయి కాబోలు.

మర్నాడు పొద్దున్నే ఆమె ముందుగా వెళ్ళి వరసలో నిలబడింది. అతను చెమటలు కక్కుతూ ముప్పావుగంటలో వచ్చేశాడు. ల్యాబు అమ్మాయి సంచి విప్పింది. డబ్బా చుట్టూ నలగ్గొట్టిన ఐసు, దానిమీద తడి గోనెపట్టా. ఖరీదైన చేపను ఎంత శ్రద్ధగా సర్దుతాడో అంత శ్రద్ధగా సర్దాడు.

“ఐసులో పెట్టారేంటండీ? ఒంటి వేడి తగ్గకుండా తేవాలి. ఇది పనికిరాదు.”

“పాడవకుండా తెమ్మన్నారుగా” అన్నాడతను.

“మళ్ళీ ఇవ్వాలండీ. ఈ పరీక్షకు ఖాళీ తారీఖు మూడు నెలల తర్వాతే ఉంది.”

“రెండు నెలల్లో నాకు నలభై నిండుతాయమ్మా” అంది ఆమె.

“అయితే ఫైలు తెరవరండీ. రూలు, నేనేం చెయ్యను?”

బయట బల్లమీద ఇద్దరూ కూర్చున్నారు. ఆ సంచి అతని మొహాన కొట్టాలనిపించింది ఆమెకు. కానీ ఎలా కొడుతుంది? తనకు తెలిసిన విద్యంతా అందులో పెట్టి తెచ్చాడు. అది తలుచుకుంటే ఒళ్ళు ఇంకా మండింది.

“మళ్ళీ ఇస్తాను. రేపే ఇస్తాను. గడియ లేకపోయినా సరే, ఇక్కడే ఇస్తాను” అన్నాడతను, చేతులు తుడుచుకుంటూ.

“ఈ మాట నాకు ముప్పైమూడేళ్ళున్నప్పుడు అనాల్సిందండీ” అంది ఆమె.