పై పట్టీకి పేరు

మా బావ నలభై ఏళ్లు బోర్డులు రాశాడు. పని పూర్తయ్యాక మూలన పేరు రాసుకోవడం ఆ వృత్తిలో మామూలే. బావ మాత్రం ఒక్క బోర్డు మీదా రాసుకోలేదు. ఎదురుగా నిలబడి, కళ్లు చికిలించి చూసి, ఎక్కడో ఒక అక్షరం వంగిందని తేల్చేవాడు. "దీని కింద నా పేరా? కావాలంటే నీ పేరు రాసుకో" అనేవాడు నాతో.

అలాంటి మనిషికి మా మ్యూజియంలో గోడ పని ఇప్పించింది నేనే. అక్కడ గేటు దగ్గర టిక్కెట్లు చింపుతాను నేను. భూమి పుట్టినప్పటినుంచి ఇప్పటిదాకా గడిచిన కాలాన్ని గోడ మీద రంగుల పట్టీలుగా వెయ్యాలి. అడుగున అన్నిటికన్నా పాతది, పైన మనది. ఒక్కో పట్టీకి ఒక్కో పేరు. అప్పటికే బావ కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఇంకో ఆర్నెల్లు పోతే కుంచె పట్టడం కష్టమని డాక్టరు చెప్పేశాడు. "ఈ ఒక్క గోడకి సంతకం పెడతాను, చూస్తూ ఉండు" అని అక్కతో అన్నాడట. ఆ మాట నాకు చెబుతూ అక్క ఏడ్చింది.

కింది పట్టీలన్నీ అచ్చు గుద్దినట్టు వచ్చాయి. చిక్కంతా వేలెడు వెడల్పున్న పై పట్టీతోనే. మనుషులు భూమిని ఇంతగా మార్చేశారు కాబట్టి ఇది కొత్త యుగమని కొందరు పండితులు అంటున్నారట. "మానవ యుగం" అని రాయమన్నారు క్యూరేటర్ గారు. బావ రాశాడు. వారం తిరక్కుండానే ఆగమన్నారు. అది వ్యవసాయంతో మొదలైందా, ఫ్యాక్టరీలతోనా, అణుబాంబులతోనా అన్నది తేలలేదట. ఒకసారి పట్టీని వెడల్పు చేయించారు, మళ్లీ సన్నం చేయించారు. నాకు తల తిరిగిపోయింది. ఈ తగవు తేలేలోపు బావ చెయ్యి పోతుందేమోనని ఒళ్లు మండిపోయేది.

పని మొదలెట్టిన ఐదో నెలలో ఆ పండితులు ఓట్లు వేసుకున్నారు. క్యూరేటర్ గారు ఉత్తరం పట్టుకొచ్చారు.

"పెయింటర్ గారూ, చెరిపెయ్యండి. అది యుగం కాదన్నారు."

"మరి మనం ఎందులో ఉన్నట్టు సార్?"

"కింది దాంట్లోనే. మాటగా వాడుకోవచ్చట, యుగాల పట్టికలో మాత్రం ఉండకూడదట."

బావ నా వైపు తిరిగాడు. "నీకేమైనా అర్థమైందా?"

"టిక్కెట్లు చింపేవాణ్ణి బావా, నన్నడుగుతావేం?"

"పట్టీ కూడా తీసెయ్యాలా సార్?" అన్నాడు బావ.

క్యూరేటర్ గారు బుర్ర గోక్కున్నారు. "రంగు ఉండనివ్వండి. రేపు మళ్లీ ఔనంటే?"

బావ ఆ పేరు మీద రంగు వేసేశాడు. తర్వాత దిగకుండా ఎత్తు బల్ల మీదే కూర్చున్నాడు.

"చివరి అక్షరం రాశాక సంతకం పెడదామనుకున్నా. చివరి పని చెరపడమైంది. ఇంతకీ గోడ పూర్తయినట్టా, కానట్టా?"

"పూర్తయింది బావా" అన్నాను గట్టిగా.

బావ కుంచె పట్టాడు గానీ చెయ్యి ఆగడం లేదు. నేనూ బల్లెక్కి మణికట్టు పట్టుకున్నాను. గోడ మొత్తం మీద ఖాళీగా ఉన్నది ఆ పై పట్టీ ఒక్కటే. అందులోనే పేరు రాశాడు. ప్రతి అక్షరమూ వంకరే. కళ్లు చికిలించి చూసుకున్నాడు, కుంచె కడిగేశాడు. పండితులు మళ్లీ మాట మార్చేదాకా ఉండనివ్వమన్నారు క్యూరేటర్ గారు.

ఇప్పుడు బావ రోజూ మధ్యాహ్నం వచ్చి, చెయ్యి జేబులో పెట్టుకుని ఆ గోడ ఎదుట కూర్చుంటాడు. మొన్న నేనూ పక్కనుండగా ఒకావిడ పట్టీల పేర్లన్నీ కింది నుంచి నోటుబుక్కులో ఎక్కించుకుంటూ వచ్చి, బావ పేరు దగ్గర ఆగింది.

"ఏమండీ, మనమున్న ఈ యుగం ఎప్పుడు మొదలైంది?"

బావ తల దించుకున్నాడు. అది యుగం కాదని చెప్పాలి, చెప్పబోయాను కూడా. నా నోటివెంట బావ పుట్టిన సంవత్సరం వచ్చేసింది. ఆవిడ రాసుకుంది.