రిపోర్ట్ కొట్టిన పందొమ్మిదో రాత్రి

ఒట్లు వేయకూడదని మా పాస్టర్ గారు చెబుతూనే ఉంటారు. నేనూ వేయను. కానీ దీనికి మాత్రం వేస్తాను... నా ఇద్దరు పిల్లల మీద ఒట్టు, ఇది జరిగింది. కల కాదు. నైట్ షిఫ్టులో కునుకు తీసి ఏదో చూసి ఉంటుందిలే అని నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి. మధ్యలో నవ్వితే లేచి వెళ్ళిపోతాను, నా సంగతి మీకు తెలుసు.

నా పేరు కరుణ. భద్రాచలం అడవి అంచున ఒక బొగ్గు గనిలో, కంట్రోల్ రూమ్‌లో పని. ఏ గని అని అడగొద్దు, చెప్పను. నా ముందు గోడ నిండా పదహారు తెరలు. బొగ్గు మోసే ఏ డంపర్ ఎక్కడుంది, ఏ రోడ్డు మీద ఎవరు తిరుగుతున్నారు, అన్నీ చూస్తూ కూర్చోవాలి. తేడాగా ఏమైనా కనిపిస్తే సెట్టులో చెప్పాలి. సెట్టు అంటే నొక్కి మాట్లాడే వైర్‌లెస్, పోలీసుల దగ్గర ఉంటుందే, అలాంటిది. డ్రైవర్ల దగ్గర, సెక్యూరిటీ వాళ్ళ దగ్గర తలా ఒకటి ఉంటుంది. ఒకరు మీట నొక్కి మాట్లాడితే అందరికీ వినిపిస్తుంది.

కానీ ఇది మొదలైంది గనిలో కాదు. మా ఇంట్లో. పట్టపగలు.

ఆ రోజు నైట్ డ్యూటీ దిగి పడుకుని మధ్యాహ్నం లేచాను. ఫోన్‌లో ఒక జాకెట్ డిజైన్ల గ్రూపులో ఉండేదాన్ని. ఎవరు నడుపుతారో తెలియదు, ఎవరో చేర్చారు, ఉన్నాను. లేచి చూసేసరికి దాని పేరు మారిపోయింది. ఏవో ఇంగ్లీషు అక్షరాలు. కింద ఒక వీడియో. నిద్రమత్తులో వేలు తగిలింది... అది ఆడింది.

ఏం చూశానో చెప్పను. మీరూ అడగొద్దు. చూసింది రెండు సెకన్లు. ఏడెనిమిదేళ్ళ పాప. ముఖం గోడ వైపు. ఆ గదిలో ఉండకూడని మనిషి ఒకడు. అంతే, ఫోన్ మంచం మీద బోర్లా పడేశాను. ఛీ, ఇలాంటిది నా ఇంట్లోకి, నా చేతిలోకి ఎలా వచ్చింది... అని ఏడుపు వచ్చింది. కానీ ఫోన్ బోర్లా పడితే శబ్దం ఆగదు కదా. అప్పుడు వినిపించింది.

సైరన్.

గనిలో బండలు పేల్చే బ్లాస్టింగ్ ముందు సైరన్ వేస్తారు. మూడుసార్లు, పొడవుగా. అన్ని గనుల్లోనూ ఉంటుంది. కానీ మా గని సైరన్ మూడోసారి చివర్లో గొంతు పట్టేసినట్టు గీరుకుంటుంది. బాగు చేయించమని ఎన్నిసార్లు రాసిచ్చామో. గాఢ నిద్రలో వినిపించినా గుర్తుపడతాను. ఆ వీడియోలో... మూడోసారి... అదే గీర.

ఆ పాప ఏ ఢిల్లీలోనో, ఏ పరాయి దేశంలోనో లేదు. మా సైరన్ వినిపించేంత దూరంలో ఉంది.

మా ఆయన రాజరత్నం డంపర్ నడుపుతాడు. మూడింటికి డ్యూటీ దిగి రాగానే చెప్పాను. చూపించలేదు, చెప్పానంతే. చెంబులో నీళ్ళు తాగబోయినవాడు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"కాలనీ గ్రూపుల పెట్టు కరుణా. పిల్ల ఎవలదో జల్దీ దొరుకుతది."

"నీకు బుద్ధుందా? గట్ల పెడితే ఆ పిల్లను ఇంకింత మందికి సూపెట్టినట్టు గాదా? రేపు ఆ పిల్ల గీ రోడ్డు మీద ఎట్ల నడుస్తది?"

"మరేం జేస్తవ్?"

"రిపోర్ట్ కొడత. గసొంటియి చెప్పనీకి సర్కారు పోర్టల్ ఉంది."

"కొడితే ఏమైతది?" అన్నాడు. వెటకారం కాదు, పాపం, నిజంగానే అడిగాడు. "దినాం ఎన్ని వస్తయో వాళ్ళకు. మనది ఎవడు సూస్తడు?"

నాకూ అదే అనుమానం. అయినా కొట్టాను. ఆ పోర్టల్‌లో పేరు, ఫోన్ నంబరు ఇచ్చి ఫిర్యాదు చేయొచ్చు. ఇవ్వకుండానూ చేయొచ్చు. ఇస్తే మనకొక నంబరు వస్తుంది, ఫిర్యాదు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవచ్చు. ఇవ్వకపోతే ఏమీ రాదు. ఇక మనకూ దానికీ సంబంధం తెగిపోయినట్టే. నేను ఇవ్వలేదు. భయపడ్డాను, ఒప్పుకుంటున్నాను. ఇది నీ ఫోన్‌లోకి ఎలా వచ్చిందమ్మా అని నన్నే కూర్చోబెడితే? లింకు పెట్టాను. గ్రూపు పేరు పెట్టాను. ఊరి పేరు, గని పేరు రాశాను. కింద నా మాటల్లో రాశాను... ఇందులో వినిపించేది మా గని సైరన్, పాప ఇక్కడే ఎక్కడో ఉంది, దయచేసి తొందరగా రండి అని. నొక్కాను. ధన్యవాదాలు అని తెర మీద పడింది. అంతే.

అక్కడితో నోరు మూసుకుని ఉంటే నేను కరుణను ఎందుకవుతాను?

చర్చి ఆదివారం బడిలో పిల్లలకు పాటలు నేర్పేది నేనే. ఆ ఆదివారం పాట సాగలేదు. పిల్లలు పాడుతుంటే ఒక్కొక్క ముఖమే చూస్తున్నాను. ఇదా... ఇదా... ఎవరైనా నవ్వకపోతే గుండె గుభేలుమనేది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. ఇక ఉండబట్టలేక నర్సన్నకు చెప్పాను.

నర్సన్న మా సెక్యూరిటీ జమేదార్, గార్డులందరికీ పెద్ద. యాభై దాటిన మనిషి. కాలనీలో పాము దూరినా, ఎవరికైనా వేళకాని వేళ నొప్పులు వచ్చినా మొదట పిలిచేది ఆయన్నే. నన్ను చెల్లె అంటాడు. అంతా విన్నాడు.

"మన సైరనే అని ఎట్ల జెప్తున్నవ్?"

గీర సంగతి చెప్పాను.

"ఇంకెవలకన్న జెప్పినవా?"

"మా ఆయనకు తప్ప ఎవలకు జెప్పలే అన్నా."

"జెప్పకు. నేను అర్సుకుంట."

ఆ మాటతో ఎంత బరువు దిగిందో! ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఇప్పుడు అదే మాట తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఎందుకో చెబుతాను.

పందొమ్మిదో రాత్రి. లెక్క నాకు బాగా గుర్తు, రిపోర్ట్ కొట్టిన నాటి నుంచి ఏ కబురూ లేక గోడ క్యాలెండర్ మీద గీతలు పెడుతున్నాను. చలికాలం. గని మీద మంచు. రెండు నలభై. డ్రైవర్లందరూ బండ్లు ఆపి టీకి దిగారు. సెట్టులో గుర్రుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. నేనొక్కదాన్నే, శాలువా కప్పుకుని.

పదకొండో తెర... అది పాత క్వార్టర్ల వైపు చూసే కెమెరా. గని పెరుగుతూ దగ్గరికొచ్చేసిందని ఆ వరుసంతా ఖాళీ చేయించారు. కరెంటు తీసేశారు. తలుపులు కూడా ఎవరో ఊడబెరికి పట్టుకుపోయారు. రాత్రి పూట ఆ తెరలో మంచు, ఎప్పుడైనా ఒక అడవి పంది. అంతకు మించి ఏదీ ఉండదు.

ఆ రాత్రి... ఒక కిటికీలో వెలుతురు.

సన్నగా. పసుపు పచ్చగా. తెర మీద మరకేమోనని కొంగుతో తుడిచాను. పోలేదు. ఇంకోసారి తుడిచాను. అది కదిలింది... ఒక గదిలోంచి పక్క గదిలోకి... ఎవరో చేత్తో పట్టుకుని మెల్లగా నడుస్తున్నట్టు. ఆగింది. మళ్ళీ కదిలింది.

ఇంతలో మంచులోంచి బండి వచ్చింది. తెల్లది. జీపులా ఉంది. లైట్లు వేయలేదు. నంబరు కనపడలేదు, బురదో, గుడ్డో అడ్డం ఉంది. ఇద్దరు దిగారు. ఒకరి మెడలో ఏదో చున్నీలా ఎగిరింది, ఆడమనిషేమో. కాదేమో, మఫ్లరేమో. ఇద్దరూ ఆ వెలుతురున్న క్వార్టర్లోకే వెళ్ళారు.

సెట్టు నొక్కాను.

"నర్సన్నా... నర్సన్నా... పాత క్వార్టర్ల కాడ బండి ఉంది. ఎవలో లోపలికి పోయిన్రు."

జవాబు వెంటనే వచ్చింది. నేను అడుగుతానని ముందే కాచుకున్నట్టు. చాలా మెల్లగా.

"సూసిన చెల్లె. ఏం లేదు. కరెంటోళ్ళు."

కరెంటోళ్ళా? తెల్లవారుజామున మూడింటికా? కరెంటే లేని చోటికా? అడుగుదామని మీట మీద బొటనవేలు పెట్టాను. నొక్కలేకపోయాను.

వాళ్ళు బయటికొస్తున్నారు. వెళ్ళింది ఇద్దరు. వస్తున్నది ముగ్గురు. మూడో మనిషి చేతుల్లో దుప్పటి... దుప్పట్లో ఏదో చుట్టి ఉంది. దాన్ని ఎత్తుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తున్నాడు. దుప్పటి అంచులోంచి... ఒక చిన్న పాదం బయటికి ఉంది.

అప్పుడు సెట్టు కిర్రుమంది.

ఎవరో తెలియకుండా మీట నొక్కి పట్టుకున్నట్టు. మాట లేదు. గాలి... గుడ్డ రాసుకుంటున్న చప్పుడు... ఎవరిదో బరువైన ఊపిరి. తర్వాత, దగ్గరగా, పాప గొంతు. నిద్రలోంచి లేపితే పిల్లలు ముద్దముద్దగా మాట్లాడతారే, అలా.

"ఇంటికేనా?"

ఒక్క మాట. ఎవరూ జవాబు చెప్పలేదు. లేక చెప్పేలోగా మీట వదిలేశారో... మళ్ళీ గుర్రుమనే చప్పుడు.

"దేవా" అన్నాను, పైకే. కుర్చీ వెనక్కి పడింది. నేను సరిచేసుకుని చూసేసరికి తెరలో బండి లేదు. వెలుతురు లేదు. మంచు ఉంది.

డ్రైవర్లను అడిగాను. ఎవరూ వినలేదు. సెట్లన్నీ బండ్లలో పెట్టి టీ దగ్గర ఉన్నారు. ఆ వారం నైట్ షిఫ్టులోనే ఉన్న మా ఆయన కూడా అంతే. విన్నదాన్ని నేనొక్కదాన్నే.

ఏడింటికి షిఫ్టు దిగగానే మా ఆయన బండెక్కి పాత క్వార్టర్లకు పోయాను. ఆ వరుసలో ప్రతి గదిలోనూ మడమ లోతు దుమ్ము. ఆ ఒక్క గది మాత్రం ఊడ్చి ఉంది. తడిగుడ్డ పెట్టినట్టు నేల నల్లగా మెరుస్తోంది. గోడ సగం దాకా ఆకుపచ్చ రంగు. నేను ఆ రెండు సెకన్లలో చూసిన గోడ అదేనా? ఏం చెప్పను, మా క్వార్టర్ల గోడలన్నీ ఆకుపచ్చే.

తిరిగొస్తుంటే గేటు దగ్గర నర్సన్న నిలబడి ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వేం సూడలే చెల్లె."

"సూసిన. విన్న గూడ. ఆ పిల్ల ఏదన్నా?"

"కొన్ని అడగరాదు. నువ్వు అడిగితే పిల్లకు మంచిది గాదు. నీక్కూడ."

బెదిరించాడా? బతిమాలాడా? ఆయన ముఖంలోకి అంతసేపు చూసినా నాకు తేలలేదు. పోలీసులు చెప్పొద్దన్నారని చెప్పడం లేదా, లేక... వద్దు, నా నోటితో అనను. అన్నం పెట్టిన ఇంటి మనిషిలాంటివాడు.

మధ్యాహ్నానికి ఆ రాత్రి రికార్డింగ్ ఉన్న డిస్కు పెట్టెలో లేదు. తీసుకున్నారని రిజిస్టర్‌లో రాసి ఉంది. ఎవరు తీసుకున్నారో ఆ సంతకం ఎవరికీ అర్థం కాలేదు. సాక్ష్యం కోసం పోలీసులైనా తీసుకెళతారు. సాక్ష్యం ఉండకూడదనుకున్నవాళ్ళైనా తీసుకెళతారు.

ఇక తట్టుకోలేక ఠాణాకు పోయాను. ఈసారి పేరుతో సహా అన్నీ చెప్పాను. అక్కడి ఎస్సై ఆడమనిషి, నాకంటే చిన్నది. ఒక్క ముక్క వదలకుండా రాసుకుంది.

"పిల్ల దొరికిందా మేడం? గదొక్కటి చెప్పుండ్రి."

"పిల్లల కేసులల్ల ఏం చెప్పరాదమ్మా. దొరికిందని చెప్పరాదు, దొరకలేదని చెప్పరాదు."

"నోటితోని చెప్పకుండ్రి. తలకాయ ఊపుండ్రి, సాలు."

ఊపలేదు. నాకు టీ తెప్పించింది. తాగేదాకా ఎదురుగా కూర్చుంది. ఆ నియమం ఎందుకో నాకు తెలుసు, ఆ పాప పేరు బయటికి రాకూడదనే. మంచిదే. కానీ ఇంటికొచ్చి స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఎంత ఏడ్చానో నాకు, ఆ గోడలకు తెలుసు. ఎవరి మీద కోపమో తెలియని కోపం. మొదటి రోజే పేరు ఇచ్చి ఉంటే ఒక నంబరైనా నా చేతిలో ఉండేది.

నర్సన్న ఇప్పటికీ అదే గేటు దగ్గర అదే కుర్చీలో కూర్చుంటాడు. "తిన్నవా చెల్లె" అంటాడు. తిన్నానన్నా అంటాను. అంతే మా మాటలు. ఆ గ్రూపు కనిపించకుండా పోయింది. ఎవరైనా తీయించారో, వేరే పేరుతో ఇంకెక్కడైనా ఉందో.

మొన్న మా ఆయన అడిగాడు. "మల్ల గసొంటిది వస్తే కొడతవా?"

"కొడత. పేరు పెట్టి కొడత. ఎవలకూ జెప్ప."

కొడితే ఏమైతది అని ఈసారి అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని. అవుతుంది. ఎవరో విన్నారు, ఎవరో బండి వేసుకుని వచ్చారు, పాపను ఆ గదిలోంచి తీసుకెళ్ళారు. నా కళ్ళతో చూశాను. అయితే, విన్నది నేను రాసిన రిపోర్టునా... నర్సన్న చెవిలో వేసిన మాటనా... ఆ ఒక్కటే తెలియదు.

పాత క్వార్టర్ల రోడ్డు వెళ్ళి మెయిన్ రోడ్డులో కలుస్తుంది. అక్కడ ఎడమకు తిరిగితే ఠాణా, పెద్ద దవాఖానా. కుడికి తిరిగితే గోదావరి వంతెన, భద్రాచలం, ఆ తర్వాత అంతా అడవి. ఆ మలుపు దగ్గర మాకు కెమెరా లేదు. పెట్టమని వారం వారం రాసిస్తున్నాను. పెడతారేమో కూడా. ఆ బండి ఎప్పుడో తిరిగిపోయింది.