చెల్లెలికి పంచిన గులాబీ రంగు సోంపు

మలేసియాలోని సైబర్‌జయలో మా ఆఫీసు వంటగదిలో ఇవాళ ఎవరో సోంపు డబ్బా మూత తీశారు. ఆ తీపి ఘాటు ముక్కుకు తగలగానే మేం పెరిగిన సుంగై పెటానిలో మా వీధి, వాన వెలిసిన మధ్యాహ్నం, వేళ్లకంటుకున్న పాకం అన్నీ గుర్తొచ్చాయి.

మా ఇంట్లో మగపిల్లాడు పుడితే నానమ్మ వీధంతా మిఠాయి పంచేది. ఆడపిల్ల పుడితే కబురు కూడా గుమ్మం దాటేది కాదు. అక్కకు పంచలేదు, నాకూ పంచలేదు. చెల్లెలు పుట్టిన వారం వంటింట్లో గిన్నెల మోత తప్ప ఇంకో చప్పుడు లేదు, అమ్మ గోడవైపు తిరిగి పడుకునేది, నాకేమో ఈ పిల్లకైనా పంచుతారా లేదా అన్నదే బెంగ.

పక్కింట్లో అనెకె ఆంటీ ఉండేది, ఫ్యాక్టరీలో పనిచేసే డచ్చి ఇంజనీరు భార్య. ఓ సాయంత్రం ఆమె పళ్లెం నిండా వెన్న రాసిన గుండ్రటి రస్కులు తెచ్చింది. వాటి మీద గులాబీ, తెలుపు రంగుల్లో చక్కెర పట్టించిన సోంపు గింజలు. తనకొచ్చిన మలాయ్‌లో ఆమె చెబుతుంటే నేను తెలుగు చేశాను: వాళ్ల దేశంలో ఆడపిల్ల పుడితే చూడవచ్చిన వాళ్లందరికీ ఇవే పెడతారట, సోంపుతో బాలింతకు పాలు పడతాయట, గులాబీ రంగును "రోజె" అంటారట, కొత్తగా తల్లయినామె సంతోషంతో గులాబీ మబ్బు మీద ఉందని చెప్పుకుంటారట.

"నానెక్కడున్నానో ఆవిడకి సెప్పు," అంది అమ్మ, గోడవైపు నుంచే. నేను చెప్పలేదు కానీ నానమ్మ విన్నది. ఓ గింజ కొరికి, "ఏటే, మన బాలింతకీ సోంపే కదా పెడతాం," అని చాలాసేపు ఆ పళ్లెం వంకే చూసింది.

మర్నాడు పొయ్యి ముందు కూర్చుని, "సిరప్పు సీసా ఇటు తే లా," అంది, ఇక్కడి వాళ్లలాగే మాట చివర "లా" తగిలించి. పాలల్లో కలుపుకునే రోజా సిరప్పు పాకంలో గుమ్మరించింది. పాకం ముదిరి గింజలన్నీ ఉండకట్టాయి, రంగు బీట్‌రూట్‌ను మించిపోయింది, అయినా నానమ్మ వాటిని రోకలితో చితక్కొట్టి, పొట్లాలు కట్టి, మలాయ్ వాళ్లింటికీ చైనా వాళ్లింటికీ తమిళుల ఇంటికీ తనే వెళ్లి, అర్థమైనా కాకపోయినా తెలుగులోనే, "మాకు మనవరాలు పుట్టినాది," అని చెప్పింది. అమ్మ లేచి కిటికీ దగ్గర నిలబడి విన్నది.

తిరిగొచ్చాక నానమ్మ అక్క చేతిలో ఒకటి, నా చేతిలో ఒకటి పొట్లం పెట్టి, "ఇయి మీయి. ఆలీసం అయిపోనాది," అంది. నాకు ఏడుపొచ్చింది.

ఆ ఇళ్లు ఇప్పుడు లేవు. నానమ్మ లేదు. ఆమె తెలుగు మా పిల్లలకు అర్థమవుతుంది గానీ నోటికి రాదు. వీటికోసం బెంగగానే ఉంటుంది. పోయిన నెల చెల్లెలికి మూడో ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి వరండాలో అందరం ఒకేసారి మాట్లాడి నర్సు చేత చీవాట్లు తిన్నాం. ఆడపిల్ల అనగానే మా ఇంట్లో పడే ఆ నిశ్శబ్దం ఎప్పుడు పోయిందో మరి. పోయినవాటిలో నేను వెతకనిది అదొక్కటే.