ఇంకా పంచని గొర్రెపిల్ల

కళ్యాణదుర్గం పోయే షేర్ ఆటోలో నా పక్కన కూర్చున్నావిడ ఒళ్లో గొర్రెపిల్ల ఒకటి జ్వరంతో వణుకుతోంది. ఆ పూట కూలి మానుకుని మరీ దాన్ని పశువుల ఆస్పత్రికి తీసుకెళ్తోందట.

"మీదేనా అమ్మా?" అన్నాను.

"తల్లిగొర్రెలు మా ఊర్లో ఒకాయనవి అన్నా. నేను పాలుకు మేపుతాండా. పుట్టిన పిల్లల్లో సగం ఆయప్పకి, సగం నాకు."

"మరి ఇది ఎవరి సగంలోది?"

"ఇంకా పంచుకోలేదు. ఉగాదికి పంచుకుంటాము."

నేను గుంటూరులో ఎకనామిక్స్ లెక్చరర్ని. సొంతమైతేనే మనిషి ఒళ్లు వంచి పనిచేస్తాడనీ, ఉమ్మడిదైతే ఎవరికీ పట్టదనీ ఏటా పాఠం చెప్తాను. ఆ ధీమాతోనే అడిగాను: "పంచేటప్పుడు బలిసినవన్నీ మీవైపు వేసుకోవచ్చుగా?"

ఆమె నన్ను జాలిగా చూసింది.

"రెండు మందలుగా చేసేది నేను. వాట్లో ముందు ఏరుకునేది ఆయప్ప. ఒక మంద బక్కదిగా ఉండాదంటే, అదే నాకు మిగుల్తాది. అందుకే అన్నీ నావే అనుకోని మేపాల."

నేను రెండు గంటలు బోర్డు మీద గీసి చెప్పే పాఠాన్ని ఆమె ఊపిరి తిప్పుకోకుండా చెప్పేసింది.

ఆస్పత్రి దగ్గర ఆటో ఆగింది. "రవ్వంత పట్టుకో అన్నా" అని పిల్లను నా చేతుల్లో పెట్టి, తన మూట తీసుకుని దిగింది. ఆ పిల్ల ఎవరిదో ఇంకా తేలలేదు. దాని తల వాలిపోకుండా నేను అరచెయ్యి అడ్డం పెట్టాను.